నాలుగు ప్లగ్గుల పరీక్ష

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి డీజిలు ఇంజను సంగతులెందుకని పాఠకులు అడగవచ్చు. మొన్న డిసెంబరు దాకా నేనూ అలాగే అనుకున్నాను.

మేముండేది పాడేరులో. చలికాలపు తెల్లవారుజామున మన్యంలో చలి ఎలా ఉంటుందో లంబసింగి వెళ్ళివచ్చిన వారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ రోజు మా అత్తగారికి విశాఖపట్నంలో కంటి ఆపరేషను. నాలుగున్నరకే ఆవిడకు శాలువా కప్పి, మా పాత డీజిలు కారులో కూర్చోబెట్టి తాళం తిప్పాను. సెల్ఫు తిరిగింది గాని ఇంజను అందుకోలేదు. వెనుక గొట్టంలోంచి తెల్లని పొగ, పచ్చి డీజిలు వాసన, అంతే. చివరికి బ్యాటరీ కూడా నీరసించింది. ఆపరేషను నెల రోజులు వాయిదా పడింది. అత్తగారు నన్ను ఒక్క మాట అనలేదు. నాకదే ఎక్కువ బాధ.

షెడ్డు యజమాని ఒకాయన వచ్చి, ఇంజను మీద చెయ్యి వెయ్యకుండానే, "పంపు పోయిందండీ, విప్పి విశాఖ పంపాలి" అన్నాడు. ఆయన చెప్పిన మొత్తం, మేము ఆపరేషనుకు దాచుకున్న మొత్తం ఇంచుమించు ఒక్కటే!

ఆ సాయంత్రం మా పాత విద్యార్థి ఒకడు కనిపించాడు. ఇంటర్మీడియట్‌లో నా తెలుగులోనే తప్పి, చదువు మాని, జీపులు బాగుచేసుకుంటున్నాడు.

"మధ్యాహ్నం ఎండలో బండి స్టార్టవుతుందా, మాస్టారూ?" అన్నాడు.

"ఒక్క ఊపుకే" అన్నాను.

"అయితే పంపును తిట్టకండి. ముందు హీటరు ప్లగ్గులు చూద్దాం."

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదట. సిలిండరులో గాలిని గట్టిగా అదిమితే వేడెక్కుతుంది. ఆ వేడికే డీజిలు అంటుకుంటుంది. 1897లో జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన ఇంజనులోని కిటుకు ఇదే. అయితే చల్లబడ్డ ఇనుము ఆ వేడిని తాగేస్తుంది. అందుకని సిలిండరు కొకటి చొప్పున వేలంత ప్లగ్గు బిగిస్తారు. తాళం తిప్పిన కొద్ది క్షణాలకే దాని కొస ఎర్రగా కాలుతుంది. ముందున్న పలకమీద చుట్టల గుర్తు వెలిగి ఆరుతోంది గదా, ప్లగ్గులు బాగానే ఉన్నాయనుకున్నాను. మా బండిలో ఆ దీపం గడువు చూసి ఆరుతుందే గాని, ప్లగ్గుల మంచిచెడ్డలు చూసి కాదట!

నాలుగు ప్లగ్గుల తలలనూ కలుపుతూ ఒక లోహపు పట్టీ ఉంది. కుర్రాడు మొదట దాన్నే విప్పాడు.

"ఇదుంటే ఒక్కటి బాగున్నా నాలుగూ బాగున్నట్టే కనపడతాయండీ. పరీక్ష హాల్లో ఒకడి కాగితం చూసి నలుగురు రాసినట్టు!"

12 వోల్టుల చిన్న బల్బు తీసుకుని, దాని ఒక తీగను బ్యాటరీ ప్లస్సుకు తగిలించి, రెండోదాన్ని ఒక్కొక్క ప్లగ్గు తలకు ఆనించాడు. మొదటిదానికి బల్బు వెలిగింది. రెండు, మూడు వెలగలేదు. నాలుగు వెలిగింది. బల్బు వెలిగితే లోపలి తీగ తెగలేదని మాత్రమే అర్థమట. అందుచేత మీటరు కూడా పెట్టాడు. వెలిగిన రెండూ ఇంచుమించు ఒక్కొక్క ఓము చూపాయి. తక్కిన రెండింటిలో కరెంటుకు దారే లేదు. తరువాత నాచేత తాళం తిప్పించి, పట్టీకి వచ్చే తీగలో కరెంటు ఉందని రూఢి చేసుకున్నాడు. ఫ్యూజు, రిలే నిర్దోషులు.

ప్లగ్గుకు బ్యాటరీ కరెంటు నేరుగా ఇచ్చి చూడవద్దని నన్ను హెచ్చరించాడు. కొత్తరకం ఇంజనుల్లో 12 వోల్టులకు తట్టుకోలేని ప్లగ్గులుంటాయట. బిగుసుకున్న ప్లగ్గును చల్లని ఇంజనులో బలవంతాన తిప్పితే లోపలే విరుగుతుంది. అప్పుడు హెడ్డు విప్పవలసిన ఖర్మ పట్టవచ్చు. అందుకే మర్నాడు మధ్యాహ్నం ఇంజను వేడెక్కాకనే రెండూ విప్పి కొత్తవి వేశాడు. ఖరీదు పుచ్చుకుని, కూలి వద్దన్నాడు.

"నిన్ను తప్పించినవాణ్ణి గదోయ్" అన్నాను.

"మీరు పేపరు దిద్దాకనే తప్పించారు గదండీ" అని నవ్వాడు.

పంపు నేటికీ విప్పలేదు. జనవరిలో ఆపరేషను జరిగింది. ఇప్పుడు అత్తగారు ఈ పత్రికలో సీరియలు తానే చదువుకుంటున్నారు. ఈ పేజీ కూడా చదువుతారు కనుక ఇక్కడితో ఆపుతాను.