ట్రైలరు చక్రపు బేరింగులు మార్చునపుడు ఇరుసు నట్టును బిగించు విధానము



చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో పంట చేను విడిచి మార్కెట్టు చేరుటకు ట్రాక్టరు ట్రైలరే ముఖ్యాధారము. గానుగకు చెరకు, దామలచెరువు మార్కెట్టుకు మామిడి, మదనపల్లె మార్కెట్టుకు టమాటా దానిమీదనే పోవుచున్నవి. తిరుపతి–పీలేరు మార్గమున భాకరాపేట కనుమ, చిత్తూరు–పలమనేరు మార్గమున మొగిలి కనుమ వంటి ఎత్తుపల్లాలలో చక్రములపై పడు ఒత్తిడి ఎక్కువ. అంత బరువు మోయు చక్రమును ఇరుసున నిలిపియుంచునది చివరనున్న ఒక్క నట్టు, దానికి అడ్డముగానున్న చిన్న పిన్ను మాత్రమే. ట్రైలరుపై కూలీలు కూర్చుండి పోవు సందర్భములు కూడ కలవు గనుక, ఈ పనిలో అశ్రద్ధ ప్రాణహాని తేగలదు.

క్రొత్త బేరింగు వేసిన కొలది దినములకే పాడైనపుడు సరుకు మంచిది కాదని చాలమంది అనుకొందురు. అనేక సందర్భములలో దోషము సరుకులో గాక, నట్టు బిగించిన తీరులో నుండును.

బేరింగు ఎట్లు పనిచేయును?

ట్రైలరు హబ్బులో సాధారణముగా రెండు ఏటవాలు రోలరు బేరింగులుండును. లోపలిది పెద్దది, బయటిది చిన్నది. ఈ రకము బేరింగునకు 1898లో అమెరికాలో హెన్రీ టింకెన్ అను బండ్ల తయారీదారు పేటెంటు పొందెను. రోలర్లు ఒక కొసన లావుగా, మరియొక కొసన సన్నముగా ఉండుటచే పైనుండి పడు బరువును, మలుపులలో ప్రక్కనుండి వచ్చు త్రోపును రెంటిని భరింపగలవు. రోలర్లు అమర్చిన కోను ఇరుసుపైనను, దానికి ఎదురైన కప్పు హబ్బులోపలను కూర్చుండును.

నట్టును బిగించుకొలది కోను కప్పులోనికి దిగును. అందుచే రోలర్లకు లభించు సందు నట్టుపైననే ఆధారపడును. ఇరుసు మర చుట్టునకు 1.5 మి.మీ. అనుకొనుడు. ఆరు గాళ్లు గల నట్టును ఒక్క గాడి మేర త్రిప్పిన పావు మిల్లీమీటరు తేడా వచ్చును. చేతికి స్వల్పముగా తోచు త్రిప్పుట బేరింగునకు పెద్ద మార్పు.

నట్టు మితిమీరి బిగిసిన రోలర్ల మధ్యనుండి గ్రీజు పొర నలిగి పోవును. వేడి పుట్టి, గ్రీజు కరగి కారును; రోలర్లు నీలివన్నె తిరుగును; తుదకు కోను ఇరుసునకు అతుకుకొని ఇరుసు విరుగవచ్చును. నట్టు వదులైన చక్రము ఊగులాడి, బరువు రోలర్ల అంచులపై పడి, కప్పునందు గుంటలు పడును. సీలు చెడి దుమ్ము, నీరు లోనికి పోవును. టైరు ఒక ప్రక్కనే అరుగును.

విప్పుట, శుభ్రపరచుట

బరువు దింపి, గట్టి నేలపై బండిని నిలిపి, రెండవ ప్రక్క చక్రములకు రాళ్లు అడ్డుపెట్టవలెను. జాకీతో ఎత్తిన పిమ్మట ఇరుసుక్రింద దృఢమైన దిమ్మె నుంచవలెను. జాకీ నొక్కదానిని నమ్మి పని చేయరాదు.

మూత, పిన్ను, నట్టు, వాషరు వరుసగా తీసి హబ్బును వెలికి లాగుడు. కోనును, కప్పును జతగానే మార్చవలెను. పాత కప్పులో క్రొత్త కోను వేసిన రెండును త్వరలో చెడును. కప్పును ఇత్తడి కడ్డీతో చుట్టును సమముగా తట్టుచు అడుగంటునట్లు దింపుడు. ఒక ప్రక్కనే కొట్టిన అది వంకరగా కూర్చుండును. తరువాత ఎంత నేర్పుగా నట్టు బిగించినను ఫలముండదు.

హబ్బును, ఇరుసును కిరోసిన్‌తో కడిగి, పొడిగుడ్డతో తుడిచి ఆరనీయుడు. చక్రపు బేరింగులకు తగిన గ్రీజును అరచేత నుంచుకొని, కోను లావుకొసను దానికి నొక్కుచు రోలర్ల సందులన్నియు నింపవలెను. వేర్వేరు రకముల గ్రీజు కలుపరాదు. సీలు ఎల్లప్పుడు క్రొత్తదే వేయవలెను.

నట్టు బిగించు క్రమము

1. చక్రమును చేతితో మెల్లగా త్రిప్పుచునే నట్టును స్పానరుతో బిగింపుడు. చక్రము బరువుగా తిరుగువరకు బిగించిన రోలర్లు తమ స్థానమున కూర్చుండును. చక్రము త్రిప్పక బిగించిన అవి సరిగా కూర్చుండవు.

2. చక్రము కదలకుండ నట్టును పూర్తిగా వదులు చేయుడు.

3. స్పానరు విడిచి, వ్రేళ్లతోనే నట్టును ఆనువరకు బిగింపుడు.

4. ఇరుసు రంధ్రము నట్టు గాడికి ఎదురుగా రాకున్న, దగ్గరి గాడి వచ్చువరకు నట్టును వెనుకకే త్రిప్పవలెను. గాడి కలియుటకై ఎన్నడును ముందునకు బిగింపరాదు.

5. క్రొత్త పిన్ను వేసి, కొసలు రెండు ప్రక్కలకు వంచుడు. పాత పిన్నుగాని, మేకుగాని, తీగముక్కగాని వాడరాదు.

లారీల విషయము

పెద్ద లారీలలో ఇదే సూత్రమును కొలతతో పాటింతురు. జంట నట్లుగల వెనుక ఇరుసులకు సాధారణ పద్ధతి ఇది: చక్రము త్రిప్పుచు టార్క్ స్పానరుతో 200 అడుగు–పౌండ్లకు బిగించి, ఒక పూర్తి చుట్టు వదిలి, మరల 50కి బిగించి, పావు చుట్టు వెనుకకు త్రిప్పుదురు. పిదప లాక్ నట్టు బిగించి, డయల్ గేజితో చూచిన 0.025 నుండి 0.125 మి.మీ. వరకు కదలిక ఉండవలెను. మీ వాహనపు పుస్తకములో వేరు కొలత ఉన్న దానినే అనుసరింపుడు. కొన్ని కార్లలోను, చిన్న సరుకు బండ్లలోను ఒకే ముక్కగా వచ్చు బేరింగులుండును. వాటి నట్టును వదులు చేయక, తయారీదారు చెప్పిన సంఖ్యకు పూర్తిగా బిగింపవలెను.

పరీక్ష

టైరును పైన, క్రింద పట్టి ఊపిన కదలిక తెలిసీ తెలియనట్లుండవలెను. చేతితో త్రిప్పిన చప్పుడు లేక సులువుగా తిరుగవలెను. చక్రపు నట్లను ఎదురెదురుగా బిగించి, మొదటి ప్రయాణము తరువాత మరల చూడుడు.

పది కిలోమీటర్లు నడిపి హబ్బుపై చేయి పెట్టి చూడుడు. గోరువెచ్చగా నున్న దోషము లేదు. చేయి నిలువనంత వేడియున్న బండిని వెంటనే ఆపి, నట్టును మొదటినుండి సరిచేయవలెను.

ఏటేట చెరకు నరుకుటకు ముందొకసారి హబ్బులు విప్పి గ్రీజు మార్చుడు. వాగు దాటునపుడు గాని, చెరువులో కడుగునపుడు గాని హబ్బు నీట మునిగిన, సీజను వచ్చువరకు ఆగక అప్పుడే చూడవలెను. ఈ పని స్వయముగా నేర్చుకొనగోరువారికి అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ యంత్రముల వాడకమునందును, సంరక్షణయందును శిక్షణ నిచ్చుచున్నది. మెకానికుచే చేయించువారు కూడ నట్టు బిగించునపుడు ప్రక్కనే నిలిచి, చక్రము త్రిప్పుచున్నాడా, క్రొత్త పిన్ను వేసెనా అను రెండు విషయములు తప్పక చూచుకొనవలెను.