ఓడెక్కిన తాత జాడ దొరుకుతుందా?

ఉత్తరాంధ్రలోనూ గోదావరి జిల్లాల్లోనూ చాలా పాత కుటుంబాల్లో ఒక ముత్తాత గురించి ఒక్క మాటే మిగిలి ఉంటుంది: "రంగం పోయాడు." కొన్ని ఇళ్లలో ఊరి పేరు కూడా ఉండదు. "ఓడెక్కాడు, మళ్లీ రాలేదు" అంటారంతే. ఇంత చిన్న ఆధారంతో మనిషి జాడ తీయొచ్చా? చాలాసార్లు తీయొచ్చు. అయితే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఆయన ఏ పద్ధతిలో ఓడెక్కాడు? ఆయన పేరు కాగితానికెక్కిందా లేదా అన్నది దాన్నిబట్టే ఉంటుంది.

ఒప్పంద కూలీగా వెళ్లి ఉంటే పని కొంత తేలిక. మారిషస్‌కు 1834 నుంచి, దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు 1860 నుంచి, ఫిజీకి 1879 నుంచి మన దేశపు కూలీలను చెరకు తోటల కోసం తీసుకెళ్లారు. నటాల్‌కు మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచే బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911లో ఆ వలస ఆగేనాటికి నటాల్ వెళ్లినవాళ్లు 1,52,184 మంది. ఫిజీకి దక్షిణాది కూలీలు వెళ్లడం 1903లో మొదలైంది.

ఈ కూలీల కోసం తోటల యజమానులు డబ్బు పెట్టారు. పెట్టిన డబ్బుకు పని రాబట్టుకోవాలి, మనిషి పారిపోతే పట్టుకోవాలి. అందుకే ప్రతి ఒక్కరి ఆనవాళ్లూ పట్టిపట్టి రాయించారు. నటాల్ ఓడ జాబితాలో ఒక్క వరుస చూడండి: కూలీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. చివర్లో ఒంటిమీద గుర్తు: చెంప మీద పుట్టుమచ్చో, మోకాలి మీద కాలిన మచ్చో. సొంత ఊళ్లో ఏ రికార్డులోనూ కనిపించని మనిషి పుట్టుమచ్చతో సహా అక్కడ దొరుకుతాడు. మారిషస్ కాగితాలు ఆ దేశంలోనే మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. వాటిలో ఫొటోలు కూడా ఉన్నాయి.

వెతికేటప్పుడు రెండు చిక్కులు ఎదురవుతాయి. ఒకటి, గుమాస్తా తన చెవికి వినబడినట్టు రాసుకున్నాడు, ఇంటిపేరు చాలాసార్లు రాయనే లేదు. కాబట్టి ఒక్క అప్పన్న పేరు పట్టుకుని వెతికితే లాభం లేదు. తండ్రి పేరు, ఊరు, వయసు కలిసి రావాలి. రెండోది జిల్లా. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. 1936లో ఒరిస్సా రాష్ట్రం వచ్చేదాకా టెక్కలి, ఇచ్ఛాపురం, శ్రీకాకుళం అన్నీ గంజాం జిల్లాలోవే. పాత జాబితాలో వెతకాల్సింది ఆ పేరే.

రంగం, అంటే రంగూన్, వెళ్లినవాళ్ల కథ వేరు. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగం. పాస్‌పోర్టు అక్కర్లేదు. కాకినాడలోనో విశాఖలోనో ఓడ టిక్కెట్టు కొనుక్కుని, చేతిలో డబ్బు లేకపోతే కూలీలను కుదిర్చే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వెళ్లిపోయేవారు. రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. లెక్కలన్నీ మేస్త్రీ పుస్తకంలోనే ఉండేవి. ఆ పుస్తకాలను భద్రపరిచిన కచేరీ లేదు.

కాగితం లేనిచోట ఇంట్లో చెప్పుకునే మాటలే సాక్ష్యం. వాటిలో తేదీలు దాగి ఉంటాయి. "కొట్లాటలప్పుడు వచ్చేశాడు" అంటే 1930 మే నెల కావచ్చు. రంగూన్ రేవులో తెలుగు కూలీలకూ బర్మీయులకూ మధ్య పని దగ్గర రేగిన తగవు నగరమంతా పాకింది అప్పుడే. 1938లోనూ అల్లర్లు జరిగాయి. "బాంబులు పడ్డప్పుడు" అంటే 1941 డిసెంబరు. "అడవుల్లోంచి నడిచొచ్చాడు" అంటే 1942. "నోట్లు చెల్లకుండా పోయాయి" అంటే 1964. ఆ ఏడాది నే విన్ ప్రభుత్వం 50, 100 చాట్ల నోట్లు రద్దు చేసింది, తెలుగువాళ్లు చాలామంది తిరిగొచ్చేశారు. విశాఖలోని బర్మా క్యాంపు అలా స్థిరపడినవాళ్ల పేటే.

సంవత్సరం ఒకటి దొరికాక రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లొచ్చు. అప్పటిదాకా సెంటు భూమి లేని ఇంట్లో హఠాత్తుగా ఎకరం కొన్న దస్తావేజు కనబడితే, ఆ డబ్బు ఎక్కడిదని అడగాలి. తేదీ, ఇంట్లో చెప్పే కథ సరిపోలితే అది రంగం డబ్బేనన్న అనుమానానికి బలం వచ్చినట్టే.

జాడ అవతలి వైపు నుంచి వెతికేవాళ్లూ ఉన్నారు. డర్బన్‌లో, మారిషస్‌లో ఉన్న తెలుగు కుటుంబాల చేతిలో ఓడ జాబితా నకలు ఉంటుంది. అందులో ఊరి పేరు వంకరటింకరగా ఉండి, అది ఏ ఊరో వాళ్లకు తెలియదు. ఆ పేరు చదివి ఫలానా ఊరని చెప్పగలిగేవాళ్లు మన దగ్గరే ఉన్నారు.

ఓడ జాబితాలు నూరేళ్లకు పైగా నిలిచాయి, వచ్చే ఏడాదీ ఉంటాయి. ఎనభై దాటిన మేనత్త జ్ఞాపకానికి ఆ భరోసా లేదు. కాబట్టి మొదటి ప్రయాణం ఆవిడ ఇంటికే పెట్టుకోండి. వెళ్లేటప్పుడు ఫోనులో రికార్డింగు ఆన్ చేసుకోవడం మరిచిపోవద్దు.