స్వరం సన్నగిల్లిన వేళ

మనిషికి మాట్లాడడం నేర్పినవాడు అల్లాహ్. ఫజ్ర్ నమాజుకు పిల్లలను నిద్ర లేపడానికైనా, సాయంత్రం ఖుర్ఆన్ పారాయణానికైనా ఆధారమైన స్వరం ఆయన ప్రసాదించిన అనుగ్రహమే. థైరాయిడ్ గ్రంథికి శస్త్రచికిత్స జరిగిన తరువాత కొందరిలో ఈ స్వరం సన్నగిల్లుతుంది. ‘ఆపరేషను బాగా జరిగింది కదా, గొంతు అదే వస్తుందిలే’ అని ఇంటివారు సరిపెట్టుకుంటారు. రోగి మాత్రం లోలోపల కుమిలిపోతూ, మాట్లాడడమే తగ్గించుకుంటారు. థైరాయిడ్ వ్యాధులు స్త్రీలలోనే ఎక్కువ గనుక, ఆ మౌనం చాలావరకు మన ఇళ్ళలోని తల్లులది, అక్కచెల్లెళ్ళది.

థైరాయిడ్ గ్రంథి సీతాకోకచిలుక ఆకారంలో, స్వరపేటికకు దిగువన, శ్వాసనాళాన్ని ఆనుకొని ఉంటుంది. స్వరతంత్రులను కదిలించే సన్నని నరాలు దాని వెనుక భాగం నుంచే, రెండు వైపులా పైకి సాగుతాయి. గ్రంథిని తొలగించే సమయంలో నరం సాగినా, ఒత్తిడికి లోనైనా ఆ వైపు తంత్రి కదలిక మందగిస్తుంది. రెండు తంత్రులు సరిగా కలుసుకోకపోవడంతో గాలి వృథాగా జారిపోయి, మాట బలహీనపడుతుంది. మరొక చిన్న నరం దెబ్బతింటే మామూలు సంభాషణ సాగినా, హెచ్చుస్థాయిలో పిలవడం, పఠించడం కష్టమవుతుంది.

అయినా నిరాశ చెందవలసిన అవసరం లేదు. మత్తు ఇచ్చినప్పుడు శ్వాస కోసం అమర్చే గొట్టం వల్ల కొద్ది రోజులు గొంతు బొంగురుపోవడం సహజం. నరం తెగకుండా కేవలం నలిగినప్పుడు చాలామంది కొన్ని వారాల్లో లేదా నెలల్లో కోలుకుంటారు. కొందరికి 6 నెలల నుంచి ఏడాది వరకు పట్టవచ్చు. శాశ్వత నష్టం అరుదు.

అయితే ఎదురుచూడడం వేరు, ఉపేక్షించడం వేరు. 2 వారాలు గడిచినా గొంతు మెరుగుపడకపోతే శస్త్రచికిత్స చేసిన వైద్యునికి చెప్పి, చెవి, ముక్కు, గొంతు నిపుణునికి చూపించాలి. కెమెరా ఉన్న సన్నని గొట్టంతో స్వరతంత్రుల కదలికను కొద్ది నిమిషాల్లో పరీక్షిస్తారు. స్వర వ్యాయామాలు, తంత్రిని దగ్గరకు జరిపే ఇంజెక్షను, అవసరమైతే మరో చిన్న శస్త్రచికిత్స వంటి మార్గాలున్నాయి. నీళ్ళు తాగేటప్పుడు తరచుగా పొలమారుతుంటే ఆలస్యం చేయకుండా వైద్యునికి తెలియజేయాలి. ఊపిరి తీసుకునేటప్పుడు కూత వినిపించినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి లభిస్తుందని చాలామంది భావిస్తారు. అదీ శ్రమే. మెల్లగా, చిన్న చిన్న వాక్యాలుగా, సహజ స్వరంతోనే మాట్లాడాలి. మాటిమాటికీ గొంతు సవరించుకోకుండా ఒక గుక్క నీరు తాగడం మేలు.

ధర్మపరాయణులను ఎక్కువగా బాధించేది ఖిరాఅత్. ఒంటరిగా నమాజు చేసేవారు మెల్లగా పఠించినా నమాజు నెరవేరుతుంది. ఇమామ్‌గా ఉన్నవారు కోలుకునేవరకు ఆ బాధ్యతను మరొకరికి అప్పగించడంలో చిన్నతనమేమీ లేదు. ఖుర్ఆన్‌ను తడబడుతూ, కష్టపడుతూ పఠించేవారికి రెట్టింపు పుణ్యం ఉందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) శుభవార్త ఇచ్చారు. శక్తికి మించిన భారం అల్లాహ్ ఎవరిపైనా మోపడన్నది మన విశ్వాసం.

ఫిర్ఔన్ వద్దకు వెళ్ళమన్న ఆజ్ఞ అందినప్పుడు హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తన నాలుక ముడిని విప్పమని అల్లాహ్‌ను వేడుకున్నారు. తనకంటే ధారాళంగా మాట్లాడగల సోదరుడు హారూన్ (అలైహిస్సలాం)ను తోడుగా ఇమ్మని కూడా అర్థించారు. ఆయన తన ఇబ్బందిని దాచుకోలేదు, తోడు కోరడానికి సంకోచించలేదు. అల్లాహ్ ఆ విన్నపాన్ని మన్నించాడు. గొంతు బలహీనపడిన వ్యక్తికి కూడా ఈ రెండూ కావాలి. ఒకటి చికిత్స, రెండవది అయినవారి తోడు.

ఆ తోడు పెద్ద త్యాగమేమీ కాదు. వంటింట్లో మిక్సీ ఆపి వినాలి, టీవీ శబ్దం తగ్గించాలి. పక్క గదిలోంచి కేకవేసి జవాబు అడగకుండా దగ్గరకు వెళ్ళి మాట్లాడాలి. ఫోనులో అవతలివారు ‘ఎవరు మాట్లాడేది?’ అని అడిగినప్పుడు ఆమె చిన్నబుచ్చుకోకుండా మనమే విషయం వివరించాలి. ఆమె వాక్యాన్ని మనం పూర్తిచేయకుండా ఓపికతో ఉండాలి. హాస్యానికైనా ఆ గొంతును అనుకరించరాదు.

వ్యాధిగ్రస్తులందరికీ అల్లాహ్ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! వారి మెల్లని మాటను ఆలకించే ఓర్పును మనకు అనుగ్రహించుగాక! ఆమీన్.