“ఖాళీ తుపాకి” అనే మాట

1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ చిత్రంతో తెలుగు తెరపై కౌబాయ్ తుపాకి మ్రోగింది. నేడు జూబ్లీహిల్స్ నుండి ఫిలింనగర్ వరకు గోడలపై కనిపించే సినిమా పోస్టర్లను గమనించండి. కథానాయకుని చేతిలో తుపాకి ఉన్నదంటే చాలా వరకు వేలు ట్రిగ్గరుపైన, గొట్టం చూపరి ముఖం వైపు ఉంటాయి. చిత్రానికి అది శోభ కావచ్చు. ఆయుధ శిక్షణలో మొట్టమొదట మాన్పించే అలవాట్లు ఆ రెండే.

‘తుపాకి’ తుర్కీ మూలం గల పదం. ‘ఖాళీ’ అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా తెలుగులో స్థిరపడింది. రెండు భాషలూ వినిపించే మన కళాశాలలో వీటి చుట్టరికం వేరే చెప్పనక్కరలేదు. అయితే ఈ రెండూ ఒక వాక్యంలో కలిసి, “తుపాకి ఖాళీగానే ఉంది” అని ఎవరైనా అన్నప్పుడే మనం జాగ్రత్త పడాలి.

ఆయుధం చేతికి తీసుకొనే ప్రతివారూ అది నిండి ఉన్నదనే భావించాలి. అవతలివారు ఇప్పుడే చూశామన్నా సరే, ముందుగా మ్యాగజైన్ తొలగించి, పిమ్మట ఛాంబరు తెరచి కంటితో చూసుకోవాలి. వరుస తప్పితే, ఖాళీ చేసిన ఛాంబరులోకి మరొక తూటా ఎక్కి కూర్చుంటుంది. కాల్చదలచని దాని వైపు గొట్టం తిప్పరాదు. కాల్చే నిశ్చయం కలిగేవరకు వేలు ట్రిగ్గరును తాకరాదు. గురి వెనుక ఏమున్నదో తెలిసి ఉండాలి. ఎన్.సి.సి.లో పాయింట్ టూటూ రైఫిల్ పట్టిన విద్యార్థులకు ఇవి కొత్త కావు.

చిత్రీకరణలో వాడే బ్లాంక్ తూటాను గురించి కొంత వివరంగా చెప్పాలి. అందులో గుండు ఉండదు గాని మందు ఉంటుంది. దగ్గరనుండి పేలితే ఆ వాయువుల వేగమే ప్రాణం తీయగలదు. 1984లో అమెరికన్ నటుడు జాన్ ఎరిక్ హెక్సమ్ పరిహాసానికి అటువంటి రివాల్వరును కణతకు ఆనించి పేల్చుకొని మరణించాడు. 1993 మార్చి 31న మరణించిన బ్రాండన్ లీ ఉదంతం మరింత సూక్ష్మమైనది. అంతకుముందు వాడిన నకిలీ తూటానుండి ఊడిన గుండు రివాల్వరు గొట్టంలో ఇరుక్కొంది. గొట్టంలోకి చూసినవారు లేరు. తరువాత పేల్చిన బ్లాంక్ ఆ గుండును అసలు తూటా వలెనే బయటికి నెట్టింది. 2021 అక్టోబరు 21న ‘రస్ట్’ చిత్రం సెట్టులో ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్‌ను బలిగొన్న తుపాకి సైతం ప్రమాదం లేనిదని చెప్పి నటుని చేతికిచ్చినదే. అందులో నిజమైన తూటా ఉంది.

ఇక తెరవెలుపలి సంగతి. 2004 జూన్ 3న జూబ్లీహిల్స్‌లో నటుడు నందమూరి బాలకృష్ణ గారి నివాసంలో కాల్పులు జరిగి, ఒక నిర్మాతతో సహా ఇద్దరు గాయపడ్డారు. ఆ కేసు గుణదోషాల జోలికి మనం పోనక్కరలేదు. ఏ ఇంటనైనా సరే, తుపాకి ఒకచోట, తూటాలు వేరొకచోట తాళం వేసి ఉంచాలి. బారాత్‌లో ఉత్సాహం కొద్దీ ఆకాశంలోకి పేల్చిన గుండు కూడా ఎక్కడో ఒకచోట ఎవరి ఇంటిపైనో దిగవలసిందే. 1959 నాటి ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ ప్రకారం, నిర్లక్ష్యంగా గాని, వేడుకలలో గాని తుపాకి పేల్చి ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చినవారికి 2 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.