ఆ పురుగు లేస్తే... నదికి పండగే!

తొలకరి పడిన సాయంత్రం వీధి దీపం చుట్టూ ఉసిళ్లు లేస్తే ఏమవుతుందో మనకు తెలిసిందే. బల్లులు, కప్పలు, కాకులు, కోళ్లు... అన్నీ విందుకు హాజరు. అమెరికా పడమటి రాష్ట్రాల్లోని కొండనదుల మీద ఏటా వేసవి మొదట్లో అచ్చం అలాంటి విందే జరుగుతుంది. కాకపోతే అక్కడ లేచేది రెండంగుళాల పురుగు. ఆరగించేది ట్రౌట్ చేప. ఈ రెండింటి మధ్యా మూడో అతిథి ఒకరుంటారు... మనిషి. అతని గాలానికి వానపాము ఉండదు. ఈకలతో, వెంట్రుకలతో కట్టిన దొంగ పురుగు ఉంటుంది!

ఆ పురుగు పేరు సాల్మన్‌ఫ్లై. సాల్మన్ చేపకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. పొట్టకింద ఆ చేప మాంసంలాంటి నారింజరంగు కనిపిస్తుంది కాబట్టి ఆ పేరొచ్చింది. శాస్త్రవేత్తలు మాత్రం టెరోనార్సిస్ కాలిఫోర్నికా అంటారు. నదుల్లో రాళ్ల కింద బతికే స్టోన్‌ఫ్లై జాతి పురుగుల్లో పెద్దవాటిలో ఇదొకటి. మోంటానాలోని మాడిసన్, బిగ్ హోల్, ఆరెగాన్‌లోని డెషూట్స్, కొలరాడో నది పైభాగం... చల్లటి నీళ్లు రాళ్లను ఒరుసుకుంటూ పరుగెత్తే చోట్లు దీనికి పుట్టిళ్లు.

మూడేళ్లు నీళ్లలో... మూడు వారాలైనా లేవు గాల్లో

దీని బతుకు వింతగా ఉంటుంది. గుడ్డులోంచి బయటపడిన పిల్లపురుగు మూడు నాలుగేళ్లు నది అడుగునే గడుపుతుంది. ఒడ్డు చెట్ల నుంచి రాలి, నీళ్లలో నాని కుళ్లిన ఆకులే దాని తిండి. ఆకుల్ని ముక్కలు ముక్కలుగా కొరికి వదులుతుంది కాబట్టి ఆ తునకల మీద ఆధారపడి ఇంకెన్నో చిన్న ప్రాణులు బతుకుతాయి. పెరిగేకొద్దీ పాత పొట్టు విడిచి కొత్తది తొడుక్కుంటుంది. ఊపిరి పీల్చుకోవడానికి కాళ్ల మొదళ్లలో కుచ్చుల్లాంటి మొప్పలుంటాయి. నీళ్లలో ప్రాణవాయువు తగ్గిందనుకోండి... కాళ్లు ఆనించి ఒళ్లంతా పైకీ కిందికీ ఆడిస్తుంది. చూసేవాళ్లకు దండీలు తీస్తున్నట్టే ఉంటుంది! మొప్పల మీదుగా నీటిని కదిలించుకోవడానికి అది పడే పాట్లు అవి. నది చల్లగా, శుభ్రంగా ఉన్నంతకాలం ఆ కష్టం పెద్దగా ఉండదు.

నీటి వేడి పది, పదమూడు డిగ్రీల సెల్సియస్ మధ్యకు చేరగానే మూడునాలుగేళ్ల పురుగులన్నీ ఒక్కసారిగా ఒడ్డుకు బయల్దేరతాయి. పాకుతూ వచ్చి, చీకటిపడ్డాక రాళ్లమీదికీ విల్లో పొదలమీదికీ వంతెన స్తంభాలమీదికీ ఎక్కుతాయి. వీపు చీలుతుంది. రెక్కల పురుగు బయటికొస్తుంది. తెల్లారేసరికి ఖాళీ పొట్టు మాత్రం రాయికి అంటుకుని ఉంటుంది. దిగువన నీరు ముందు వేడెక్కుతుంది కాబట్టి ఈ జాతర కూడా దిగువ నుంచి ఎగువకు రోజుకు కొంత దూరం చొప్పున జరుగుతూపోతుంది. డెషూట్స్ మీద మే నెలలో, బిగ్ హోల్ మీద జూన్ మధ్యలో, మాడిసన్ మీద జూన్ చివర్లో... ఇంచుమించుగా అదీ వరస.

రెక్కలొచ్చాక ఆయుష్షు ఒకటి రెండు వారాలే. మగపురుగు కొమ్మమీద పొట్టతో దరువేసి ఆడపురుగును పిలుస్తుంది. ఆ తర్వాత ఆడపురుగులు నది మీదికి ఎగిరి గుడ్ల ముద్దల్ని నీళ్లలో జారవిడుస్తాయి. ఎగరడం అంటే నిజానికి పెద్ద మాటే. ఆ బరువైన ఒంటికి అది బొత్తిగా రాని విద్య. గాలి విసిరిందంటే టపటపా నీళ్లలో పడతాయి. కింద ట్రౌట్లు అందుకోసమే కాచుకుని ఉంటాయి. మామూలు రోజుల్లో చీమంత పురుగుల్ని ఏరుకుతినే చేపకు ఇది ఏడాదికోసారి దొరికే పెళ్లిభోజనం. అలవాటుగా లోతు నీళ్లలో దాక్కునే పెద్ద చేపలు సైతం భయం మరచి ఒడ్డు పొదల నీడకు వచ్చేస్తాయి. తెలియనివాళ్లు నది నడిమధ్యకు గాలం విసురుతుంటే, తెలిసినవాళ్లు ఒడ్డునుంచి జానెడు దూరంలో వేస్తారు.

విగ్గుల పనివాడు... సోఫా దిండు

ఫ్లై ఫిషింగ్‌లో ఎరకు బరువుండదు. బరువంతా తాడుదే. కొరడా ఝుళిపించినట్టు తాడును గాల్లో ఆడించి, దాని కొసనున్న దొంగ పురుగును నీటిమీద మెత్తగా వాలేలా చేయాలి. ఆ పురుగును కట్టడం మరో కళ. బల్లకు బిగించిన చిన్న పట్టకారులో గాలపు ముల్లును పెట్టి, సన్నటి దారంతో ఈకలు, బొచ్చు, వెంట్రుకలు చుట్టుకుంటూ వస్తారు. కోడిపుంజు మెడమీది ఈక ఇందులో ముఖ్యం. నీళ్లమీద తేలడానికి దాని బిరుసుపోగులే ఆసరా. కూర వండేటప్పుడు మనం పీకి పారేసే ఈ ఈకకు అక్కడ ఎంత గిరాకీ అంటే... ఈకల కోసమే ప్రత్యేకంగా కోళ్లను పెంచే పద్ధతి స్థిరపడకముందు, అమెరికాలో ఫ్లై కట్టేవాళ్లు చాలామంది మన దేశం నుంచీ చైనా నుంచీ వచ్చే మెడతోళ్లనే వాడేవాళ్లు. మన దేశం నుంచి వెళ్లినవాటిని ఇండియన్ నెక్స్ అనేవారు.

రెండంగుళాల పురుగును ఈకలతో నమ్మించడం అంత తేలికేం కాదు. ఎవరి తిప్పలు వాళ్లు పడ్డారు. మోంటానాలోని మిసౌలా ఊళ్లో ఫ్రాంజ్ పాట్ అనే ఆయన వృత్తి విగ్గులు తయారుచేయడం. జుట్టును అల్లే ఆ నేర్పునే 1920ల్లో ఫ్లైల మీద ప్రయోగించి, ఆ పద్ధతికి పేటెంట్ కూడా తీసుకున్నారు. అదే ఊళ్లో నార్మన్ మీన్స్ బెండును చెక్కి, గుర్రపు వెంట్రుకలతో రెక్కలు పెట్టి బన్యన్ బగ్ అనే పురుగును చేశారు. నార్మన్ మెక్లీన్ 1976లో ప్రచురించిన ‘ఎ రివర్ రన్స్ త్రూ ఇట్’లో ఇది కనిపిస్తుంది. 1992లో రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ సినిమాగా తీసిన కథ అదే.

వెస్ట్ యెల్లోస్టోన్‌లో గాలాల దుకాణం నడిపిన పాట్ బార్న్స్ 1940ల్లో ఉడుత తోక వెంట్రుకలతో బొద్దుగా ఒక ఫ్లై కట్టారు. చూసినాయన ఎవరో ‘ఇది సోఫా దిండంత ఉందే’ అన్నారట. అంతే... సోఫా పిల్లో అనే పేరు స్థిరపడిపోయింది! యెల్లోస్టోన్ పార్కుకు వెళ్లే మనవాళ్లు చాలామంది పడమటి ద్వారం దగ్గర బసచేసే ఊరు అదే.

ఇదే ఊరి పరిసరాల్లో స్థిరపడిన చార్లెస్ బ్రూక్స్ వైమానికదళంలో పనిచేసి రిటైరైన అధికారి. అందరూ ఒడ్డునుంచి ఊహించుకుంటుంటే ఆయన నీళ్లలోకి దిగి మరీ చూశారు. అసలు పిల్లపురుగు ప్రవాహంలో కొట్టుకుపోతున్నా వీపు పైకే ఉంచుతుందనీ, కట్టిన పురుగు మాత్రం తాడు మెలితిరిగినప్పుడల్లా దొర్లి ఒకసారి నల్లటి వీపును, మరోసారి లేతరంగు పొట్టను చూపిస్తుందనీ గమనించారు. చేపకు అనుమానం వచ్చేది అక్కడే! దానికి ఆయన కనిపెట్టిన విరుగుడు చాలా తేలిక... వీపూ పొట్టా తేడా లేకుండా చుట్టూ ఒకేలా కట్టేయడం. అందం సంగతి ఎలా ఉన్నా ఆయన మోంటానా స్టోన్‌కు చేపలు బాగానే పడ్డాయి. ఈ విషయాలన్నీ 1976లో వచ్చిన ‘నింఫ్ ఫిషింగ్ ఫర్ లార్జర్ ట్రౌట్’ పుస్తకంలో రాశారు.

బ్యూట్ ఊరికి చెందిన జార్జ్ గ్రాంట్‌ది ఇంకో దారి. పురుగు ఒళ్లు బల్లపరుపుగా ఉంటుంది కదాని, ముల్లుకు రెండువైపులా గుండుసూదులు కట్టి దానిమీద అల్లిక అల్లేవారు. చూస్తే ఆభరణంలా ఉండేది. కానీ ఆయన్ని జనం గుర్తుపెట్టుకున్నది అందుకొక్కదానికే కాదు. 1960ల్లో బిగ్ హోల్ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టాలన్న ప్రతిపాదనను ఎదిరించినవాళ్లలో ఆయన ముందున్నారు. ఆనకట్ట రాలేదు. నూరేళ్లు దాటి బతికి, 2008లో కన్నుమూశారు. బిగ్ హోల్ మీద ఈనాటికీ సాల్మన్‌ఫ్లైలు లేస్తున్నాయి.

ఇప్పుడు ఫోమ్ షీట్లు వచ్చాయి. రబ్బరు కాళ్లు వచ్చాయి. ఎంత తడిసినా మునగవు, కట్టడానికి పట్టే సమయమూ తక్కువే. అల్లికల రోజులు మాత్రం వెనకబడ్డాయి.

పొట్టు లెక్కపెడుతున్నారు

మోంటానా ప్రభుత్వం 1974లో ఒక సాహసం చేసింది. హేచరీల్లో పెంచిన ట్రౌట్లను నదుల్లో వదలడం ఆపేసింది. అలా వదలడం వల్ల నదిలో పుట్టిపెరిగే చేపలకే నష్టమని మాడిసన్ మీద జరిగిన అధ్యయనంలో తేలింది మరి. మంచి నిర్ణయమే. కానీ అప్పట్నుంచీ చేపలన్నీ నది పెట్టే తిండిమీదే బతకాలి. ఆ తిండిలో పెద్ద ముద్ద ఈ పురుగు.

ఆ ముద్దే ఇప్పుడు తగ్గుతోంది. మోంటానా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు మాడిసన్ ఒడ్డున రాళ్లకు అంటుకున్న ఖాళీ పొట్టును ఏరి లెక్కపెట్టారు. ఒక్కో పొట్టు అంటే ఒడ్డు చేరిన ఒక్కో పురుగు. నీరు వెచ్చగా ఉన్నచోట, రాళ్ల సందుల్లో సన్నటి ఒండ్రు పేరుకున్నచోట లెక్క పడిపోయింది. లోతులేని ఎనిస్ చెరువులో నిలబడి వేడెక్కిన నీరు వెళ్లే దిగువ మాడిసన్‌లో ఒకప్పటి జాతర లేదు. యూటాలోని లోగన్ నదిలోనైతే 1960ల్లోనే ఈ పురుగు కనుమరుగైంది.

వేడి చేపకూ గండమే. మోంటానాలో వరసగా మూడు రోజులు నీటి వేడి 23 డిగ్రీల సెల్సియస్‌ను తాకిందంటే మధ్యాహ్నం రెండింటి నుంచి అర్ధరాత్రి దాకా గాలం వేయనివ్వకుండా ఆంక్షలు పెడతారు. దీనికి గుడ్లగూబ నిబంధన అని ముద్దుపేరు. వేసవిలో అడవులు అంటుకుంటాయన్న భయంతో కలప కొట్టేవాళ్లు తెల్లవారుజామున, గుడ్లగూబ కూసే వేళకే పనికి దిగేవారు. ఆ మాటే ఇటు వచ్చింది.

కొలరాడో నది మీద కథ కాస్త ముందుకు నడిచింది. అక్కడ 1985లో విండీ గ్యాప్ ఆనకట్ట పూర్తయింది. లోతులేని జలాశయంలో నీరు వేడెక్కడం, ఒండ్రును కొట్టుకుపోయేంత వరద దిగువకు రాకపోవడంతో రాళ్ల సందులు పూడిపోయాయి. ఒకప్పుడు గుంపులుగా లేచిన సాల్మన్‌ఫ్లైలు ఆనకట్ట కింద లేకుండాపోయాయని రాష్ట్ర వన్యప్రాణి విభాగం 2011లో నివేదిక ఇచ్చింది. చేపలు పట్టేవాళ్లు, రైతులు, నీటి సంస్థలు ఏళ్లతరబడి వాదులాడుకుని చివరికి ఒక దారి పట్టుకున్నారు. జలాశయాన్ని చిన్నది చేసి, దాని పక్కగా ఇంచుమించు మైలు పొడవున నదికి కొత్త కాలువ తవ్వారు. 2023లో ఆ కాలువలోకి నీళ్లొదిలారు. చేపలకూ పురుగులకూ ఎగువ, దిగువ మళ్లీ కలిశాయి. కాలువ పారాక వచ్చిన మొదటి వేసవి 2024ది. గుడ్డుకు రెక్కలు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది కాబట్టి, ఆ ఏడాది గుడ్లలో ఎన్ని నిలిచాయో రాళ్లమీద పొట్టు ఏరి చూడాలంటే 2027, 2028 వేసవులదాకా ఆగాల్సిందే.