పొగ ఎటు పోతుంది?

మా హాస్టలు మిత్రుడొకడు సంక్రాంతి సెలవుల నుంచి వచ్చాక ఒక ఫోటో చూపించాడు. అమెరికాలో వున్న వాళ్ళన్నయ్య పంపాడట. పెరట్లో అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద యినప పీపా, దానికి ఒక కొసన అతికించిన చిన్న పెట్టె, రెండో కొసన పొగగొట్టం. చిన్న పెట్టెలో కట్టెలు మండుతాయి. వేడీ, పొగా పక్కకి పాకి, పీపాలో పెట్టిన మాంసాన్ని గంటల తరబడి నెమ్మదిగా ఉడికించి, గొట్టం గుండా పోతాయి. దాన్ని 'బార్బెక్యూ స్మోకర్' అంటారు.

"ఒరేయ్, యిది మా పొగాకు బ్యారన్‌కి తమ్ముడురా!" అన్నాను. అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వులాటకి అనలేదు.

బ్యారన్ చూడని వారికోసం రెండు మాటలు. వర్జీనియా పొగాకుని కర్రలకి కట్టి ఎత్తైన గదిలో అంతస్తులుగా వేలాడదీస్తాం. పొయ్యి నోరు గోడకి వెలుపల వుంటుంది. మంట తాలూకు వేడి లావుపాటి రేకు గొట్టాల్లో పడి గది నేలంతా చుట్టి వస్తుంది, పొగ గొట్టంలోంచే బయటికి పోతుంది. ఆకు పసుపు తిరగడానికి మొదట 35 డిగ్రీలకి అటూ యిటూ, ఆఖర్న ఈనె ఎండడానికి 70 డిగ్రీల దాకా వేడి కావాలి. ఐదారు రోజుల పని. ఆకుకి వేడి తగలాలి, పొగ తగలకూడదు. గొట్టానికి చిల్లు పడితే ఆకుకి కమురు వాసన పడుతుంది, వేలంలో ధర పడిపోతుంది. అందుచేత సీజను మొదట్లో మా నాన్న చేసే మొదటి పని గొట్టాల అతుకులు తడిమి చూడడం.

అంటే నిప్పుతో పనిచేసే ఏ సాధనాన్నయినా రెండు ప్రశ్నలు అడగాలన్నమాట. వేడి ఎటు పోతోంది? పొగ ఎటు పోతోంది? బ్యారన్‌లో యీ రెండిటి దారులూ వేరు. స్మోకర్‌లో రెండూ కలిసే ప్రయాణం చేస్తాయి, ఎందుచేతనంటే అక్కడ పొగ కూడా కావలసిన సరుకే.

అమెరికా పెరట్లో యిది ఆదివారం సరదా. కాని యిదే పని బతుకుతెరువు అయిన చోటు కూడా వుంది. ఆఫ్రికా పశ్చిమ తీరాన సెనెగల్, ఘనా వంటి దేశాల్లో మగవాళ్ళు సముద్రం మీద చేపలు పట్టుకొస్తే, వాటిని పొగబెట్టి నిలవచేసి అమ్మేది ఆడవాళ్ళు. మన తీరంలో ఉప్పు చేపని ఎండే ఎండబెడుతుంది. అక్కడ గాలిలో తేమ ఎక్కువైన రోజుల్లో ఎండనే నమ్ముకుంటే చేప కుళ్ళవచ్చు. గత యాభై ఏళ్ళలో అక్కడ పొయ్యిల రూపం ఎలా మారిందో చదువుతుంటే నాకు మన ప్రయోగశాల రికార్డు చదివినట్టే వుంది.

ముందుగా పొగ చేసే పని చూద్దాం. కట్టెలో ముఖ్యంగా సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్ వుంటాయి. గాలి చాలక కమిలినప్పుడు లిగ్నిన్ నుంచి గ్వాయకాల్ వంటి ఫీనాలిక్ పదార్థాలు వస్తాయి. పొగ వాసనకి ముఖ్య కారణం యివే. యివి కొవ్వు చిక్కబారకుండా, అంటే ఆక్సీకరణం చెందకుండా కూడా కాపాడతాయి. మిగతా రెండిటి నుంచి ఫార్మాల్డిహైడ్, ఆమ్లాలు మొదలైనవి పుట్టి సూక్ష్మజీవుల్ని అణుస్తాయి. వీటికి తోడు వేడి నీటిని లాగేస్తుంది. అయితే నిలవ వుంచడంలో పెద్ద వాటా పొగది కాదు, యీ ఆరడానిదే.

యిక పొయ్యిల సంగతి. మొదటిది పాత పద్ధతి: పైమూత తీసేసిన నూనె డ్రమ్ము. కింద ఒక వైపు నోరు కోసి మంట పెడతారు, పైన యినప వల పరిచి చేపలు పేరుస్తారు. ఖర్చు తక్కువ, ఎక్కడికైనా దొర్లించుకుపోవచ్చు. కాని వేడి నలువైపులా రేకులోంచి పోతుంది. మధ్యలో చేప మాడితే అంచున చేప పచ్చిగా వుంటుంది. ఒక్కొక్క చేపనీ చేత్తో తిరగెయ్యాలి. వేళ్ళు కాలతాయి, కళ్ళు మండుతాయి.

రెండోది చోర్కోర్ పొయ్యి. ఘనా రాజధాని ఆక్రాలో చోర్కోర్ అనే మత్స్యకారుల వాడ వుంది. 1970 ప్రాంతంలో అక్కడి ఆడవాళ్ళతో కలిసి ఆ దేశపు ఆహార పరిశోధన సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దీన్ని రూపొందించాయి. దీర్ఘచతురస్రాకారపు మట్టి లేక యిటుక గోడలు, మధ్యలో అడ్డుగోడ, ముందు రెండు పొయ్యి నోళ్ళు. చెక్క చట్రాలకి యినప వల బిగించిన పళ్ళేలని గోడల మీద ఒకదానిపై ఒకటి పదీ పదిహేను దాకా పేరుస్తారు. కిటుకంతా యిక్కడే వుంది. పేర్చిన పళ్ళేల దొంతరే పొగగొట్టం అవుతుంది! వేడి బయటికి పోయేలోపు ప్రతి వరుసనీ పలకరించి పోవాలి. మట్టిగోడ వేడిని పట్టి వుంచుతుంది కనక కట్టెలు ఆదా. చేపల్ని ఒక్కొక్కటే తిప్పే బదులు కింది పళ్ళేన్ని పైకి, పైదాన్ని కిందికి మారిస్తే సరిపోతుంది. మన బ్యారన్ అంతస్తుల్లాంటిదే యిది కూడా.

అయినా మంట సరిగ్గా చేప కిందే వుండిపోయింది. చేప కొవ్వు చుక్కలు చుక్కలుగా నిప్పు మీద పడి కాలినప్పుడూ, కట్టె రమారమి 400 డిగ్రీలు దాటి కమిలినప్పుడూ పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు ఎక్కువగా పుడతాయి. బెంజీన్ వలయాలు ఒకదానికొకటి అతుక్కున్న అణువులివి. వాటిలో బెంజోపైరీన్ మనుషులకి కాన్సర్ కలిగిస్తుందని నిర్ధారణ అయింది. పొగబెట్టిన చేపలో అది కిలోకి 5 మైక్రోగ్రాములు మించరాదన్న ఐరోపా యూనియన్, 2014 సెప్టెంబరు నుంచి ఆ పరిమితిని 2కి తగ్గించింది. పాత పొయ్యిల చేప దానికి లోబడి వుండడం కష్టమైంది.

యిక మూడోది. 2008 ప్రాంతంలో సెనెగల్‌లోని థియరోయ్‌లో మత్స్య శిక్షణ కేంద్రం, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి దీన్ని తయారుచేశాయి. చోర్కోర్ గోడలు అలాగే వుంచి, లోపల రెండు పనుల్నీ విడదీశారు. మొదట కట్టెల మంట బదులు బొగ్గు కణికల వేడితో చేపని ఉడికించి ఆరబెడతారు. కింద పళ్ళెం కొవ్వుని నిప్పు మీద పడకుండా పడుతుంది. ఆఖర్న మాత్రం, వేరే పెట్టెలో పుట్టించిన పొగని వడపోత గుండా పంపి, రంగూ రుచీ పట్టేంతసేపే తగలనిస్తారు. యిలా చేసిన చేపలో బెంజోపైరీన్ ఐరోపా పరిమితికి లోబడే వుంది. వండే మనిషి మొహానికీ పొగ తగ్గింది.

మరి యిది అన్నిటికంటే మంచిదేనా? ఇక్కడే నేను ఆగిపోయాను. దీనికి ఖర్చెక్కువ. ఎగుమతి చేసేవాళ్ళకి ఫరవాలేదు, సంతలో అమ్మే ఆమెకి శుభ్రమైన చేప అని ఎవరూ ఎక్కువ యివ్వకపోతే గిట్టదు. పైగా బొగ్గు ఎక్కడిది? మట్టి బట్టీలో కాల్చిన కట్టె బరువులో సాధారణంగా ఐదో వంతు కూడా బొగ్గుగా మిగలదు. ఆ పొగంతా బట్టీ దగ్గర మరొకరు పీలుస్తారు. తీరాన తగ్గిన పొగలో కొంత అడవి పక్కకి పోయిందన్నమాట. అందుకే నా రెండు ప్రశ్నలకి మూడోది చేర్చుకున్నాను: పొగ ఎవరి మీదికి పోతోంది?

యీ ప్రశ్న మన దగ్గర ఎప్పుడో వేసినవారున్నారు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలకు చెందిన ఎస్.పి. రాజుగారు పొగగొట్టం వున్న మట్టి పొయ్యిని రూపొందించి, కోట్లమందికి పొగలేని వంటిళ్ళు కావాలంటూ 1953లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే ప్రచురించారు.

మా యింట్లో యిప్పుడు గ్యాసు వుంది. కాని స్నానాలకి నీళ్ళు కాగేదీ, గొడ్లకి ఉలవలు ఉడికేదీ వసారాలో కట్టెల పొయ్యి మీదే. రోజూ తెల్లవారుజామున అమ్మ దాని ముందు కూచుని దగ్గుతూ ఊదుతుంది. దానికి గొట్టం లేదు. ఆకుకి పొగ తగలకూడదని ఏటేటా అతుకులు తడిమి చూసుకునే యింట్లో, అమ్మ సంగతి ఎవరికీ తట్టలేదు. ఫిజిక్సు చదువుతున్న నాకూ, ఆ ఫోటో చూసేదాకా తట్టలేదు.

గొడ్లచావిట్లో పాత బ్యారన్ గొట్టం ముక్కలు రెండు పడి వున్నాయి. చిల్లులు పడ్డాయని నాన్న తీసి పక్కన పెట్టినవి. వేసవి సెలవులకి వెళ్ళగానే మొదట వాటికి మాట్లు వేయించాలి.