మేనేజర్‌ది ఎంత, జట్టుది ఎంత?

ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఫైనల్ మ్యాచ్ ఉండదు. ఐపీఎల్ చూసి పెరిగినవాళ్లకు మొదట మింగుడుపడని సంగతి ఇదే. ఉన్నవి 20 జట్లు. ప్రతి జట్టూ మిగతా 19 జట్లతో సొంత మైదానంలో ఒకసారి, ఎదుటివాళ్ల మైదానంలో ఒకసారి ఆడుతుంది. మొత్తం 38 మ్యాచ్‌లు. ఆగస్టులో మొదలై మే నెలలో ముగిసేసరికి పట్టికలో ఎవరు పైనుంటే వాళ్లదే టైటిల్. మన ఇండియన్ సూపర్ లీగ్ పద్ధతి వేరుగా ఉండేది. 2021-22లో లీగ్ పట్టికలో మొదట నిలిచింది జంషెడ్‌పూర్. రెండో స్థానంలో ఉన్న హైదరాబాద్ ఎఫ్‌సీ ప్లేఆఫ్ దాటి, ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఛాంపియన్ అయింది. హైదరాబాద్ సంబరాలు చేసుకుంది, చేసుకోవాలి కూడా. ఇంగ్లండ్ లెక్క ప్రకారమైతే ఆ ఏడాది కప్పు జంషెడ్‌పూర్‌కే పోయేది.

శనివారం రాత్రి టీవీ ముందు ఆర్సెనల్, లివర్‌పూల్, మాంచెస్టర్ అంటూ మూడు ముక్కలుగా చీలిపోయే కుర్రాళ్లు హైదరాబాద్ హాస్టళ్లలోనూ ఉన్నారు, విశాఖలోనూ ఉన్నారు. వీళ్లకు ఇంగ్లండ్ వాళ్లకు లేని సౌకర్యం ఒకటుంది. బ్రిటన్‌లో శనివారం మధ్యాహ్నం 3 గంటలకు మొదలయ్యే మ్యాచ్‌లను టీవీలో చూపించరు. జనం స్టేడియాలకు రావడం మానేస్తారన్న భయంతో పెట్టుకున్న పాత నిబంధన అది. అదే మ్యాచ్ మన దగ్గర రాత్రి ఏడున్నరకో ఎనిమిదిన్నరకో హాయిగా చూడొచ్చు. కాబట్టి మనవాళ్ల వాదనకు సరుకు తక్కువేమీ కాదు. ఎటొచ్చీ ఆ సరుకును ఏ తక్కెడలో తూచాలన్న దగ్గరే గొడవంతా.

ముందు పాయింట్ల సంగతి చూద్దాం. గెలిస్తే 3, డ్రా అయితే 1, ఓడితే సున్నా. 1981కి ముందు ఇంగ్లండ్‌లో గెలుపుకు 2 పాయింట్లే ఇచ్చేవారు. ఒక్క పాయింటు పెరిగితే ఏమైందనిపిస్తుంది. 2018-19 సీజన్ తీసుకోండి. లివర్‌పూల్ 30 గెలిచి, 7 డ్రా చేసుకుని, ఒకే ఒక్కటి ఓడింది. 97 పాయింట్లు. మాంచెస్టర్ సిటీ నాలుగు ఓడింది. కానీ 32 గెలిచి, 2 మాత్రమే డ్రా చేసుకుంది. 98 పాయింట్లతో టైటిల్ ఎత్తుకుపోయింది. పాత పద్ధతిలో లెక్క వేసి చూడండి: సిటీకి 66, లివర్‌పూల్‌కి 67. అంటే నిబంధన మారకపోయి ఉంటే ఆ కప్పు లివర్‌పూల్‌దే. "ఓడకుండా ఆడటమే గొప్ప" అనే అభిమానికి ఈ లెక్క చూపించాలి. ఈ లీగ్‌లో ఒక గెలుపు, ఒక ఓటమి కలిస్తే 3 పాయింట్లు. రెండు డ్రాలు కలిస్తే రెండే. 2003-04లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా 26 గెలిచి 12 డ్రా చేసుకున్న ఆర్సెనల్‌కు దక్కింది 90 పాయింట్లు. ఆ ఏడు అవి సరిపోయాయి. 2018-19లో అయితే మూడో స్థానమే.

అదే సీజన్‌లో ఇంకో ముచ్చట. 2019 జనవరి 3న ఈ రెండు జట్లూ సిటీ మైదానంలో తలపడ్డాయి. అప్పటికింకా గోల్ పడలేదు. సిటీ డిఫెండర్ జాన్ స్టోన్స్ గోల్ గీత మీద నుంచి బంతిని తన్ని తప్పించాడు. బంతి పూర్తిగా గీత దాటడానికి 11.7 మిల్లీమీటర్లు మిగిలిందని యంత్రం తేల్చింది. సిటీ 2-1తో గెలిచింది. లివర్‌పూల్ ఆ ఏడాది ఓడిన ఒకే ఒక్క మ్యాచ్ అది. ఏడాది పొడుగునా ఆడిన ఆటకు ఫలితం వేలి మందం కన్నా తక్కువ దూరంలో తేలిపోతే, మేలో సిటీ మేనేజర్ గార్డియోలాను మేధావి అనీ, లివర్‌పూల్ మేనేజర్ క్లోప్‌కు గెలవడం చేతకాదనీ తీర్పులిచ్చారు కొందరు. మరుసటి ఏడు అదే క్లోప్ 99 పాయింట్లతో, 30 ఏళ్ల తర్వాత లివర్‌పూల్‌కు లీగ్ టైటిల్ తెచ్చాడు.

టైటిల్ రేసులో ఎవరున్నారో చెప్పడం ఎందుకు కష్టమంటే, దాటాల్సిన గీత ఏటా ఒకచోట ఉండదు. 2015-16లో లెస్టర్ సిటీ 81 పాయింట్లతో ఛాంపియన్ అయింది. 2024-25లో లివర్‌పూల్‌కు 84 చాలాయి. 2021-22లో 92 తెచ్చుకున్నా అదే లివర్‌పూల్‌కు రెండో స్థానమే, సిటీకి 93 మరి. మన జట్టు ఎంత బాగా ఆడిందన్నది సగం ప్రశ్న. మిగతావాళ్లు ఎంత తడబడ్డారన్నది రెండో సగం. అభిమానులు సాధారణంగా ఆ రెండోదాన్ని మరచిపోతారు.

లెస్టర్ కథను అద్భుతమనే చెప్పుకుంటారు. సీజన్ మొదట్లో ఆ జట్టు గెలుస్తుందని పందెం కాస్తే ఒక్క పౌండుకు 5,000 పౌండ్లు ఇస్తామన్నారు బుకీలు. జేమీ వార్డీ వరుసగా 11 లీగ్ మ్యాచ్‌లలో గోల్ కొట్టాడు, మహ్రెజ్ ప్రత్యర్థుల డిఫెన్స్‌ను తిప్పలు పెట్టాడు, కాంటే మైదానమంతా తానే అయ్యాడు. ఇవన్నీ నిజమే. దాంతోపాటు ఇంకోటి కూడా నిజం: ముందు ఏడాది ఛాంపియన్ చెల్సీ ఆ సీజన్‌లో 10వ స్థానానికి జారింది, మాంచెస్టర్ జట్లు రెండూ 66 పాయింట్ల దగ్గరే ఆగిపోయాయి, రెండో స్థానంలో నిలిచిన ఆర్సెనల్‌కు 71 మాత్రమే. పైగా లెస్టర్‌కు యూరప్ పోటీలు లేవు. వారం మధ్యలో విమానమెక్కి వేరే దేశం వెళ్లి ఆడి రావాల్సిన పని లేదు. మరుసటి ఏడు కాంటే చెల్సీకి వెళ్లాడు, చెల్సీ టైటిల్ గెలిచింది. లెస్టర్ కిందికి జారింది. టైటిల్ తెచ్చిన మేనేజర్ రనియేరిని తొమ్మిది నెలలకే, 2017 ఫిబ్రవరిలో తీసేశారు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే.

పట్టికలో ముందుండటం చూసి సంబరపడేవాళ్లకు 1996 జనవరి నాటి న్యూకాజిల్‌ను గుర్తు చేయాలి. 12 పాయింట్ల ఆధిక్యం, చివరికి టైటిల్ మాంచెస్టర్ యునైటెడ్‌ది. 2022-23లో ఆర్సెనల్ 248 రోజులు మొదటి స్థానంలో ఉండి, మే నాటికి సిటీకి 5 పాయింట్ల వెనక నిలిచింది. డిఫెండర్ సలిబా మార్చిలో గాయపడ్డాక ఆ జట్టు వెనకవరుస మునుపటిలా నిలవలేదు. ఇల్లలకగానే పండగ కాదు. జనవరిలో పట్టిక చూసేటప్పుడు మిగిలిన మ్యాచ్‌లు ఎవరితో, ఎక్కడ అన్నదీ, బెంచ్ మీద కూర్చున్నవాళ్లు ఎవరన్నదీ కూడా చూడాలి.

ఈ మధ్య వాదనల్లోకి ఒక కొత్త అంకె వచ్చింది, ఎక్స్‌జీ. తన్నిన ప్రతి షాట్‌కూ అది గోల్ అయ్యే అవకాశం ఎంతో పాత షాట్ల లెక్కలను బట్టి వేసే అంచనా ఇది. పెనాల్టీకి దాదాపు 0.78, దూరం నుంచి కొట్టే షాట్‌కు 0.03 కూడా ఉండొచ్చు. ఒక మ్యాచ్‌లో అన్ని షాట్లనూ కలిపితే ఆ జట్టుకు న్యాయంగా ఎన్ని గోల్స్ రావాలో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. దీన్ని వెక్కిరించే పాతకాలపు అభిమానులున్నారు. ఒక్క మ్యాచ్‌కు వాడితే వాళ్ల వెక్కిరింపులో న్యాయం ఉంది. 20 మ్యాచ్‌లకు వాడితే మాత్రం పట్టిక దాచేది అది చెబుతుంది. 2020-21లో బ్రైటన్ మంచి అవకాశాలు సృష్టించుకుంటూ, వాటిని వృథా చేసుకుంటూ 16వ స్థానంలో నిలిచింది. పట్టిక మాత్రమే చూసే యాజమాన్యమైతే మేనేజర్ గ్రాహం పాటర్‌ను ఇంటికి పంపేది. బ్రైటన్ ఉంచుకుంది. మరుసటి ఏడు 9వ స్థానం. అదే పాటర్‌ను 2022 సెప్టెంబరులో చెల్సీ తీసుకెళ్లి, ఏడు నెలలు తిరక్కుండానే తీసేసింది. మనిషి ఒకరే. క్లబ్, ఆటగాళ్లు, ఓపిక వేరు.

ఇక అసలు తగువు. మేనేజర్ వల్ల ఎంత? స్టెఫాన్ సిమాన్‌స్కీ అనే ఆర్థికవేత్త ఇంగ్లండ్ క్లబ్బుల లెక్కలు చాలాకాలం చూసి చెప్పిందేమంటే, కొన్నేళ్ల సగటు తీస్తే పట్టికలో జట్టు స్థానం ఆటగాళ్లకు ఇచ్చే జీతాల మొత్తాన్ని చాలా దగ్గరగా అనుసరిస్తుందని. ఎక్కువ జీతమిచ్చేవాడికి మంచి ఆటగాళ్లు, మంచి ఆటగాళ్లుంటే మంచి స్థానం. నెదర్లాండ్స్‌లో బాస్ టెర్ వీల్ అనే ఆర్థికవేత్త 1986 నుంచి 2004 దాకా డచ్ లీగ్‌లో మేనేజర్ మార్పులను పరిశీలించాడు. వరుస ఓటముల మధ్య మేనేజర్‌ను మార్చిన జట్లు కోలుకున్నాయి. అలాంటి స్థితిలోనే ఉండి మార్చని జట్లూ దాదాపు అలాగే కోలుకున్నాయి. కొత్త మేనేజర్ రాగానే జట్టు మారిపోయిందనే కబుర్లలో చాలా భాగం, బాగా పడిపోయింది ఎలాగూ లేవాల్సిందే కాబట్టి లేవడం.

అలాగని మేనేజర్ ఉత్తుత్తి మనిషి అనడమూ తప్పే. అలెక్స్ ఫెర్గూసన్ 1986 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్‌కు వచ్చారు. ఆ సీజన్‌లో 11వ స్థానం, తర్వాత 2, మళ్లీ 11, ఆపైన 13. 1989 డిసెంబరు నాటికి ఆయన వెళ్లిపోవాలని స్టేడియంలోనే బ్యానర్ కట్టారు. మొదటి లీగ్ టైటిల్ 1993లో వచ్చింది. 2013లో దిగిపోయేనాటికి 13 అయ్యాయి. ఆ తర్వాత 2025 దాకా, మోయెస్, వాన్ గాల్, మౌరిన్యో మొదలుకొని వచ్చినవాళ్లంతా కలిసి ఒక్కటీ తేలేదు. డబ్బుకు లోటు లేని క్లబ్ అది. జీతాల లెక్కతోనే అంతా అయిపోతే ఇది జరగకూడదు.

గార్డియోలా విషయంలో వాదన ఇంకా చిక్కు. 2018 నుంచి 2024 వరకు ఏడు సీజన్లలో ఆరు టైటిళ్లు, అందులో చివరి నాలుగూ వరుసగా. ఇంగ్లండ్ లీగ్ చరిత్రలో వరుసగా నాలుగు అంతకుముందు ఎవరూ గెలవలేదు. డబ్బుతో కొన్నదేనని ఎదుటివాళ్లంటారు. ఆర్థిక నిబంధనలు ఉల్లంఘించారని 2023 ఫిబ్రవరిలో లీగ్ ఆ క్లబ్ మీద వందకు పైగా అభియోగాలు మోపింది, క్లబ్ వాటిని ఖండించింది. దాన్నలా ఉంచండి. 2024 సెప్టెంబరులో మిడ్‌ఫీల్డర్ రోద్రి మోకాలి గాయంతో పక్కకు తప్పుకున్నాడు. ఆ శీతాకాలం సిటీ వరుసగా ఓడింది. చివరికి 71 పాయింట్లతో మూడో స్థానం. మేనేజర్ మారలేదు, ఆయన బుర్ర మారలేదు. జట్టుకు వయసు మీద పడిందన్న మాటా ఉంది కానీ, ఒక్క మనిషి లేకపోతే కూలిపోయే వ్యూహం ఎవరి గొప్ప అని అడగొచ్చు. అదే ఏడాది లివర్‌పూల్‌లో క్లోప్ వెళ్లాక ఆర్నె స్లాట్ వచ్చారు. ఆ సీజన్‌కు జట్టులో చేరిన కొత్తవాడు ఫెడెరికో కియేసా ఒక్కడే. పాత జట్టుతోనే స్లాట్ టైటిల్ కొట్టారు. ఇందులో ఘనత కట్టినవాడిదా, నడిపినవాడిదా? నా మట్టుకు నాకు చెరి సగం. కానీ లివర్‌పూల్ అభిమానుల్లోనే ఒప్పుకోనివాళ్లు బోలెడు.

ఈ ప్రశ్న మన గడ్డ మీదా ఉంది. హైదరాబాద్‌కు చెందిన బడి పంతులు సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు, భారత జట్టుకు కూడా కోచ్. 1950 నుంచి 1954 వరకు సిటీ పోలీస్ వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ది నాలుగో స్థానం. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీమ్ ఫార్వర్డ్‌గా దింపారు. ఫైనల్లో పీకే బెనర్జీ ఒక గోల్, ఆ జర్నైల్ ఒక గోల్ కొట్టారు. దక్షిణ కొరియా మీద 2-1, స్వర్ణం. రహీమ్ 1963లో పోయారు. చునీ గోస్వామి, సికింద్రాబాద్ బిడ్డ తులసీదాస్ బలరామ్, గోల్‌కీపర్ తంగరాజ్ లాంటివాళ్లు ఒక్క తరంలో దొరకడం అదృష్టమే అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కానీ వెనకవరుస ఆటగాణ్ని, అదీ గాయంతో ఉన్నవాణ్ని, ముందుకు పంపాలన్న ఆలోచన అదృష్టం ఖాతాలో పడదు. మేనేజర్‌ను తూచాల్సింది అలాంటి నిర్ణయాల దగ్గరే.

పట్టిక కింది భాగం గురించి మనవాళ్లు అంతగా వాదించుకోరు. చివరి మూడు జట్లు కింది డివిజన్‌కు పడిపోతాయి. 2023-24లోనూ 2024-25లోనూ కొత్తగా పైకి వచ్చిన మూడు జట్లకు మూడూ ఆ ఏడే తిరుగు ముఖం పట్టాయి. మొదటి, రెండో డివిజన్ల మధ్య డబ్బు తేడా అంత పెరిగిపోయింది. ఖర్చుల నిబంధన తప్పినందుకు 2023-24లో ఎవర్టన్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌లకు పాయింట్లే కోశారు. మైదానంలో కష్టపడి తెచ్చుకున్నవి కార్యాలయంలో పోతాయన్నమాట.

ఏ కొలతకూ లొంగని కేసు ఒకటి మిగిలింది. 2024-25లో టాటెన్‌హామ్ 38లో 22 మ్యాచ్‌లు ఓడి 17వ స్థానంలో ముగించింది. ఇంకొక్క మెట్టు దిగితే కింది డివిజనే. అదే జట్టు 2025 మే 21న స్పెయిన్‌లోని బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్ గెలిచింది. 17 ఏళ్లలో ఆ క్లబ్‌కు మొదటి కప్పు. దాంతో మరుసటి ఏడు ఛాంపియన్స్ లీగ్‌లో చోటు కూడా దక్కింది. ఫైనల్లో వాళ్ల చేతిలో 1-0తో ఓడింది, లీగ్‌లో 15వ స్థానంలో ఉన్న మాంచెస్టర్ యునైటెడ్. రెండు వారాలు దాటాక టాటెన్‌హామ్ తమ మేనేజర్ ఆంజ్ పోస్టెకోగ్లూను తీసేసింది. ఓడిన యునైటెడ్ మేనేజర్ రూబెన్ అమోరిమ్ మాత్రం కొత్త సీజన్‌ను అదే కుర్చీలో మొదలుపెట్టారు.